ఎదురెండలో గోదారి: దిగే సూర్యుణ్ణీ, ముందున్న మనిషినీ ఫొటో తీయడం ఎలా

ఒక కార్తీక పౌర్ణమి సాయంత్రం రాజమండ్రి పుష్కర ఘాట్‌లో మా నాయనమ్మ అరటిదొప్పలో దీపం వదిలి, మెట్లెక్కుతూ నా వైపు చూసి నవ్వింది. నేను రెండు మెట్లు పైన గొంతుక్కూర్చుని క్లిక్ చేశాను. ఆమె వెనక, నది అవతల, కొవ్వూరు వైపు సూర్యుడు దిగుతున్నాడు. ఇంటికొచ్చి చూస్తే ఆకాశం కంటికి కనబడినట్టే ఉంది: కింద కుంకుమ, దాని మీద పసుపు, పైకి పోయేకొద్దీ పావురాయి రంగు. నాయనమ్మ మాత్రం లేదు. ఆమె ఉన్నచోట ఒక నల్లటి ముద్ద ఉంది. కంప్యూటర్లో ఆ ముద్దను వెలిగించబోతే చెంపల మీద ఊదారంగు మరకలు తేలాయి, జరీ అంచు గళ్ళుగళ్ళుగా చెదిరింది, కళ్ళున్న చోట ఏమీ లేదు. మళ్ళీ కార్తీకం వచ్చేసరికి ఆమె లేదు.

కెమెరా తప్పేమీ లేదు. ఎదురెండలో ఆకాశాన్నీ మనిషి ముఖాన్నీ ఒకే క్లిక్కులో అది పూర్తిగా పట్టలేదు. ఎవరో ఒకరి పక్షం వహించాల్సిందే. ఆ రోజు ఎవరి పక్షమో నేను చెప్పలేదు కనుక అదే తేల్చేసింది. అప్పటినుంచి షట్టర్ నొక్కే ముందు నన్ను నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఈ ఫొటో ఆకాశానిదా, మనిషిదా? మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టండి. నాకు బాగా తెలిసిన ఒడ్డు గోదావరిది కాబట్టి అక్కడే నిలబడి చెబుతాను. మీ ఊరి చెరువు గట్టు మీదా ఈ పద్ధతులే పనికొస్తాయి.

కన్ను చూసేది వేరు, కెమెరా పట్టేది వేరు

కాంతి రెట్టింపైతే దాన్ని ఒక స్టాపు అంటాం. రెండు స్టాపులంటే నాలుగు రెట్లు, పది స్టాపులంటే 1024 రెట్లు. సూర్యుడి పక్కనున్న ఆకాశానికీ, అటు వీపు పెట్టి నిలుచున్న మనిషి ముఖానికీ మధ్య ఆరేడు స్టాపుల తేడా మామూలు. బింబాన్ని కూడా లెక్కలో వేసుకుంటే అది ఎక్కడికో పోతుంది. మన కన్ను ముఖం చూసేటప్పుడు ఒకలా, ఆకాశం చూసేటప్పుడు ఇంకోలా సర్దుకుంటుంది. మెదడు ఆ రెంటినీ కలిపి ఒక బొమ్మగా చూపిస్తుంది. కెమెరాకు ఆ వెసులుబాటు లేదు, ఒక క్లిక్కుకు ఒకటే కొలత.

ఆ కొలత కూడా గుడ్డిది. కెమెరాలోని మీటరు ఎదురుగా ఉన్నదంతా సగటున ఒక నడిమి బూడిదరంగు అనుకుని లెక్క వేస్తుంది. ఫ్రేములో ఆకాశం ఎక్కువ పడితే వెలుగు మరీ ఎక్కువైందనుకుని అంతా చీకటి చేస్తుంది. నల్లటి మెట్లు, గట్టు ఎక్కువ పడితే వెలుగు చాలలేదనుకుని ఆకాశాన్ని సున్నం కొట్టినట్టు తెల్లగా చేస్తుంది. అదే చోట, అదే నిమిషంలో కెమెరా కొంచెం పైకెత్తి ఒకటి, కిందికి దించి ఒకటి తీసి చూడండి, సంగతి అర్థమవుతుంది.

ముందుగా మార్చుకోవాల్సిన సెట్టింగు ఒకటుంది. జెపెగ్ (కెమెరా తానే సవరించి, కుదించి ఇచ్చే ఫొటో) బదులు రా ఫైల్‌లో (కెమెరా పట్టిన వెలుగును సవరించకుండా దాచే ఫైలు) తీయండి. జెపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. 14 బిట్ల రా ఫైల్‌లో 16,384. చీకట్లో ఉన్న ముఖాన్ని పైకి లాగాల్సి వచ్చినప్పుడు ఆ మెట్లే అక్కరకొస్తాయి. నాయనమ్మ ఫొటో రా ఫైల్‌లో ఉండి ఉంటే ఆ నవ్వు కొంతైనా దక్కేది.

పడమర నీరున్న ఒడ్డు

మన కోస్తాకు సముద్రం తూర్పున. విశాఖ బీచ్‌లో నిలబడి సముద్రంలోకి కుంగే సూర్యుడి కోసం ఎదురు చూస్తే దొరకడు, అక్కడ తెల్లవారుజామున రావాలి. నీటి మీద అస్తమయం కావాలంటే నీటికి తూర్పు ఒడ్డున నిలబడాలి. రాజమండ్రి సరిగ్గా అలాంటి ఊరు, ఘాట్లన్నీ పడమటి ముఖంగా ఉంటాయి. పైగా దిగువన ధవళేశ్వరం బ్యారేజీ నీటిని నిలబెడుతుంది కనుక, వరద లేని నెలల్లో ఇక్కడ గోదావరి చెరువులా నిలకడగా ఉండి ఆకాశాన్ని అద్దంలా చూపిస్తుంది. హైదరాబాదులో ట్యాంక్‌బండ్ కూడా అంతే. హుస్సేన్‌సాగర్‌కు తూర్పు గట్టు కాబట్టి బుద్ధ విగ్రహం వెనకగా పొద్దు వాలుతుంది.

సూర్యుడు రోజూ ఒకేచోట దిగడు. దక్షిణాయనం ముగిసే డిసెంబరు నాటికి రాజమండ్రిలో నేరు పడమరకు దాదాపు 25 డిగ్రీలు దక్షిణంగా దిగుతాడు, జూన్ నెలాఖరుకు అంతే ఉత్తరంగా. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు పది డిగ్రీలు. అంటే ఆర్నెల్లలో అయిదు పిడికిళ్ళ దూరం జరుగుతాడు. ఘాట్ వంతెనకు దక్షిణాన ఉంటే వేసవిలో బింబం వంతెన వైపు జరుగుతుంది, ఉత్తరాన ఉంటే చలికాలంలో. 1997 నాటి ఆర్చ్ బ్రిడ్జి కమానుల మధ్య నుంచి రైలు పోతుండగా సూర్యుణ్ణి పట్టాలని ఉంటే ఈ లెక్క లేకుండా కుదరదు. ఫొటోపిల్స్, సన్ సర్వేయర్ లాంటి యాప్‌లు ఏ తేదీన ఏ దిక్కున దిగుతాడో మ్యాపు మీద గీత గీసి చూపిస్తాయి. ముందురోజు అదే వేళకు వెళ్ళి ఒకసారి చూసి రావడం వాటికన్నా మేలు.

వేళ సంగతి: నవంబరు చివర్లో ఇక్కడ అయిదున్నరకు కాస్త ముందే పొద్దు గూకుతుంది, జూన్ ఆఖరుకు 6:40 ప్రాంతంలో. మీరు కనీసం ముప్పావుగంట ముందు చేరండి. బింబం అంచు దిగంతాన్ని తాకిన క్షణం నుంచి మాయమయ్యేదాకా మనకున్నది రెండు నిమిషాల పైచిలుకు. అప్పుడు ట్రైపాడ్ కాళ్ళు విప్పుకుంటూ కూర్చుంటే అయిపోయినట్టే. బింబం అలా దిగంతాన్ని తాకినట్టు కనబడేసరికి అసలు సూర్యుడు అప్పటికే కిందికి వెళ్ళిపోయి ఉంటాడు. మనం చూసేది గాలిపొరలు వంచి తెచ్చిన వెలుగు. కింది అంచును ఎక్కువ, పై అంచును తక్కువ వంచుతాయి కనుకే బింబం దోసకాయలా అడ్డంగా నొక్కినట్టు కనిపిస్తుంది. ఫొటోలో అలా వస్తే లెన్సు పాడైందని కంగారుపడకండి.

మబ్బు లేని రోజు కన్నా పైపొర మబ్బులున్న రోజు మంచిది, అయితే పడమటి అంచున మాత్రం సందు ఉండాలి. ఆ సందులోంచి వెలుగు దూసుకొచ్చి మబ్బుల అడుగును ఎర్రగా కాల్చినట్టు చేస్తుంది. వాన కురిసి వెలిసిన సాయంత్రాన్ని మాత్రం వదులుకోకండి. గాలిలో దుమ్ము కడిగేసినట్టుంటుంది, రంగులు శుభ్రంగా వస్తాయి.

సంచిలో వేసుకోవాల్సినవి

ట్రైపాడ్, మెత్తటి గుడ్డ, ఒక అడుగున్నర చదరపు తెల్ల థర్మాకోల్ ముక్క, ఉంటే ఒక చిన్న ఫ్లాష్. లెన్సు మీద రక్షణ కోసం యూవీ ఫిల్టర్ బిగించి ఉంటే ఇక్కడ తీసేయండి. సూర్యుడు ఫ్రేములో ఉన్నప్పుడు ఆ అదనపు గాజు మీద పడి తిరిగొచ్చే వెలుగు ఫొటోలో పచ్చటి చుక్కగా తేలుతుంది. లెన్సు మీద ఒక్క వేలిముద్ర ఉన్నా ఎదురెండలో అది ఆకాశమంత మరకవుతుంది. ఘాట్ దగ్గర నీటితుంపర ఉంటుంది కనుక మధ్యమధ్యలో తుడుస్తూ ఉండండి.

కళ్ళ విషయం జాగ్రత్త. డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్‌కు కన్నానించి టెలీ లెన్సుతో (దూరాన్ని దగ్గరగా చూపే పొడుగు లెన్సు) సూర్యుణ్ణి నేరుగా చూడొద్దు. భూతద్దంతో కాగితం కాల్చిన ఆట గుర్తుంది కదా, ఇక్కడ కాగితం చోట ఉండేది మీ కంటి రెటీనా. వెనకనున్న తెర మీదే చూడండి. బింబం ఎర్రబడి కంటికి నొప్పి పుట్టనంత మందగించే దాకా టెలీ లెన్సును అటు తిప్పి ఉంచకపోవడం సెన్సరుకూ మంచిది.

ఆకాశం పక్షం వహించినప్పుడు

కెమెరాను మాన్యువల్‌లో పెట్టండి. ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) 100, అపర్చర్ (లెన్సులోంచి వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్ 8. మీటరింగ్‌ను స్పాట్‌కు మార్చండి, అప్పుడు మీటరు మధ్యచుక్క దగ్గరి వెలుగునే కొలుస్తుంది. ఇప్పుడు సూర్యుణ్ణి ఫ్రేము బయట పెట్టి, అతనికి రెండు పిడికిళ్ళ దూరంలో ఉన్న రంగు ఆకాశం మీద మధ్యచుక్క నిలపండి. మీటరు సున్నా చూపించేదాకా షట్టర్ స్పీడు (షట్టర్ ఎంతసేపు తెరుచుకుని ఉండాలో ఆ కొలత) తిప్పండి. బింబం ఇంకా దిగంతానికి పైనుంటే అది 1/250 సెకను చుట్టుపక్కల ఆగవచ్చు, పొగమంచును బట్టి అటూ ఇటూ అవుతుంది. ఆ స్పీడు అలాగే ఉంచి, మీకు కావలసిన ఫ్రేము కట్టుకుని తీయండి. మధ్యలో కెమెరా ఏదో సలహా ఇస్తుంది, మీటరు ముల్లు ఏదో చూపిస్తుంది, పట్టించుకోవద్దు.

తీసిన వెంటనే ఫొటో అందంగా ఉందా అని చూడకండి, హిస్టోగ్రామ్ చూడండి. ఎడమన చీకటి, కుడిన వెలుగు ఫొటోలో ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్ అది. కుడిగోడకు గుట్ట ఆనుకుని ఉంటే అక్కడ వివరం పోయింది. హైలైట్ హెచ్చరిక ఆన్ చేసుకుంటే పోయిన చోట్లు నల్లగా మిణుకుమంటాయి. బింబం నడిబొడ్డు మిణుకుమంటే పోనివ్వండి, అది సూర్యుడు. బింబం చుట్టూ పళ్ళెమంత మేర మిణుకుమంటే షట్టర్ స్పీడు ఒక స్టాపు పెంచండి. చీకట్లోంచి కొంత వివరం తర్వాత లాగవచ్చు, తెల్లబోయిన ఆకాశంలోంచి ఏ సాఫ్ట్‌వేరూ ఏమీ తేలేదు. తిరిగిరానిదాన్ని ముందు కాపాడుకోవాలి.

ఇక్కడ ఒక చిన్న చిక్కుంది, చాలామంది గమనించరు. అస్తమయంలో ముందు పగిలేది ఎరుపు చానెల్. మామూలు హిస్టోగ్రామ్ భేషుగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది, ఎరుపు మాత్రం అప్పటికే గోడకు గుద్దుకుని ఉంటుంది. అలా జరిగితే కుంకుమరంగు ఉండాల్సిన చోట చప్పటి పసుపు పులిమినట్టు వస్తుంది, మబ్బు మడతలు కనిపించవు. కాబట్టి మూడు రంగుల హిస్టోగ్రామ్ విడివిడిగా చూపించే తెర పెట్టుకుని, ఎరుపు గీత గోడకు తగలకుండా చూసుకోండి.

రెండు మూడు నిమిషాలకోసారి మళ్ళీ కొలవండి. వెలుగు మనకు తెలియకుండానే జారిపోతుంటుంది. కన్ను సర్దుకుంటుంది, సెన్సరు సర్దుకోదు.

వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే కెమెరా ఈ నారింజ వెలుగును తప్పుగా భావించి దానికి నీలం కలిపి సరిచేయబోతుంది. మీరు ఏ రంగు కోసం వచ్చారో ఆ రంగునే కడిగేస్తుంది. డేలైట్‌కు మార్చండి, ఇంకాస్త వెచ్చదనం కావాలంటే క్లౌడీకి. ఫోకస్ సూర్యుడి మీద కుదరదు, కెమెరా వెతుక్కుంటూ ముందుకూ వెనక్కూ పోతుంటుంది. పడవ అంచు మీదో, వంతెన స్తంభం మీదో ఫోకస్ చేసి మాన్యువల్‌కు మార్చేయండి.

సూర్యుడు పెద్దగా రావాలంటే లెన్సు పొడుగు కావాలి. లెన్సు ఫోకల్ లెంగ్త్‌ను 110తో భాగిస్తే సెన్సరు మీద బింబం ఎన్ని మిల్లీమీటర్లు ఉంటుందో దాదాపుగా వస్తుంది. 24 ఎంఎం లెన్సుతో పావు మిల్లీమీటరు కూడా ఉండదు, ఆవగింజ. 400 ఎంఎంతో మూడున్నర దాటుతుంది. ఫుల్ ఫ్రేమ్ సెన్సరు ఎత్తు 24 మిల్లీమీటర్లు కనుక అది ఎత్తులో ఆరో వంతుకు కొంచెం తక్కువ. సూర్యుడితో పోల్చినప్పుడు పడవ సైజు మారాలంటే మాత్రం లెన్సు ఎంత పొడుగైనా లాభం లేదు. పడవ మీకు ఎంత దూరంలో ఉంటే సూర్యుడితో పోల్చినప్పుడు అంత చిన్నదవుతుంది. పడవ బింబంలో ఇమిడిపోవాలంటే మీరే వెనక్కి జరగాలి.

నల్లబొమ్మలో ఉండాల్సింది ఖాళీ

మనిషినీ పడవనూ పూర్తిగా నల్లగా వదిలేస్తే అది సిలౌట్. సులువని చాలామంది అనుకుంటారు కానీ ఇందులో ఆకారం ఒక్కటే మాట్లాడుతుంది కనుక ఆకారం చదవడానికి వీలుండాలి. చేతికీ నడుముకీ మధ్య, కాలికీ కాలికీ మధ్య ఆకాశం కనబడాలి. ముఖం పక్కకు తిరిగి ముక్కు, గడ్డం విడిగా తెలియాలి. ఇద్దరు మనుషులు ఒకరినొకరు ఆనుకుని నిలుచుంటే ఒక బండరాయి అవుతుంది, జానెడు దూరం ఉంచండి.

విసురు వల వేసే జాలరిని తీయాలనుకుంటే అతని కదలికను ముందు నాలుగైదు సార్లు ఊరికే చూడండి. అతను వల భుజానికెత్తుకోవడం, నడుము వెనక్కి తిప్పడం, విసరడం, వల గొడుగులా విచ్చుకోవడం, నీళ్ళలో పడడం: ఇదొక లయ. వల పూర్తిగా విచ్చుకుని ఇంకా నీటిని తాకని ఆ అరక్షణంలో తీయాలి, 1/500 సెకను కన్నా నెమ్మదిగా ఉండకూడదు. వలతాళ్ళ మధ్య ఒక్కో కన్నులోంచి ఆకాశం ఎర్రగా కనిపించాలంటే వల వెనక ఉండాల్సింది ఆకాశం గానీ మెరిసే నీరు గానీ, అవతలి నల్లటి గట్టు కాదు. మీరు మెట్ల మీద పైనుంటే వల వెనక నీరుంటుంది, నీటి అంచుకు దిగి కూర్చుంటే ఆకాశం వస్తుంది. మధ్య మెట్టు మీద నిలుచుంటే మాత్రం కచ్చితంగా గట్టు అడ్డొస్తుంది, వల సగం మాయమవుతుంది. ఒక్క మెట్టు తేడాతో ఫొటో మారిపోతుందని నేను చెప్పేది ఇందుకే.

మనిషి పక్షం వహించినప్పుడు

ముఖం కావాలంటే మార్గాలు చాలా ఉన్నాయి. నాకు నచ్చిన క్రమంలో చెబుతాను.

అన్నిటికన్నా తేలిక, వేచి ఉండడం. బింబం మునిగిన అయిదు పది నిమిషాల తర్వాత ఆకాశం ఇంకా రంగులోనే ఉంటుంది కానీ దాని జోరు తగ్గుతుంది. ముఖానికీ ఆకాశానికీ మధ్య తేడా రెండు మూడు స్టాపులకు దిగుతుంది, ఒక్క రా ఫైల్‌లో రెండూ సుఖంగా పడతాయి. సూర్యుడు మునగ్గానే జనం ఫోన్లు జేబులో పెట్టుకుని వెళ్ళిపోతారు. మీరు ఉండండి.

రెండోది, మనిషిని తిప్పడం. సూర్యుడికి పూర్తిగా వీపు పెట్టకుండా, ఒక చెంప మీద వెలుగు పడేలా కొద్దిగా పక్కకు తిరగమనండి. సూర్యుడు ఫ్రేములో లేకపోయినా అతని వెలుగు ఉంటుంది. పౌర్ణమి రోజైతే మీరే వెనక్కి తిరగొచ్చు. పడమర సూర్యుడు దిగే వేళకే తూర్పున, ఊరి మేడల మీదుగా చంద్రుడు లేస్తాడు. ఆ దిక్కున ముఖాలన్నీ బంగారు వెలుగులో ఉంటాయి. ఆనాడు నేను నాయనమ్మను నా ఇటువైపు రమ్మని ఉంటే సరిపోయేది.

మూడోది థర్మాకోల్. సినిమా షూటింగుల్లో చూసే ఉంటారు, ఒకతను తెల్ల పలకను హీరోయిన్ ముఖం కింద పట్టుకుని ఉంటాడు. అదే ఇది. సూర్యుడి వెలుగు పలక మీద పడి ముఖం మీదికి మళ్ళుతుంది. ఛాతీ ఎత్తున, మనిషికి రెండు మూడడుగుల దూరంలో, సూర్యుడి వైపు వాల్చి పట్టించండి. కొద్దిగా అటూ ఇటూ తిప్పుతూ కళ్ళలోకి చూడండి, కనుపాపలో చిన్న తెల్లటి మెరుపు వెలిగిందా, అక్కడ ఆపమనండి. మరీ కిందినుంచి పట్టుకుంటే ముక్కు నీడ పైకి పడి ముఖం భయపెట్టేలా తయారవుతుంది. పలక లేకపోతే తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసుకున్న మనిషి ఎదురుగా నిలుచున్నా కొంత పని జరుగుతుంది. బింబం బాగా కిందికి దిగి మందగించాక మాత్రం థర్మాకోల్‌కు తిప్పికొట్టడానికి వెలుగే ఉండదు, అప్పుడు ఫ్లాష్ తీయండి.

ఫ్లాష్‌తో పని రెండు అంచెలు. ముందు ఫ్లాష్ ఆపేసి ఆకాశం పక్షాన కొలత పెట్టుకోండి, షట్టర్ 1/200 సెకను దాటకుండా. చాలా కెమెరాల్లో అంతకు మించితే ఫ్లాష్ వెలుగు ఫ్రేము మొత్తానికి అందదు, ఒక పక్క నల్ల పట్టీ వస్తుంది. తర్వాత ఫ్లాష్ వేసి, దాని జోరును పావు వంతు నుంచి మొదలుపెట్టి ముఖం చూస్తూ సర్దండి. షట్టర్ స్పీడు మారిస్తే ఆకాశం మారుతుంది, ముఖం దాదాపు అలాగే ఉంటుంది. ఈ ఒక్క ముక్క చేతికి అబ్బితే ఫ్లాష్ భయం పోతుంది. ఫ్లాష్ వెలుగు తెల్లగా ఉంటుంది కనుక ఎర్రటి సాయంత్రంలో ముఖం కాగితం అతికించినట్టు కనిపిస్తుంది. ఫ్లాష్ మీద లేత నారింజ రంగు జెల్ (వెలుగుకు రంగు పూసే పల్చటి ప్లాస్టిక్ పొర) ముక్క టేపుతో అంటించండి. ముఖాన్ని ఆకాశంకన్నా ఒక పిసరు తక్కువ వెలుగులోనే ఉంచండి. వెనక సూర్యుడున్న మనిషి ముఖం నిజానికి నీడలోనే ఉంటుంది కదా.

ఇవేవీ లేనప్పుడు, మనిషి ముఖ్యమైనప్పుడు, ముఖానికే కొలత పెట్టి ఆకాశాన్ని వదిలేయండి. ఆకాశం తెల్లబోతుంది, పోనివ్వండి. జుట్టు అంచున బంగారు గీత వస్తుంది, ముఖం మెత్తగా వస్తుంది. ఆకాశం రేపూ ఉంటుంది.

మూడు ఫొటోలు కలపడం గురించి

ముందున్నది కదలని వస్తువైతే, వంతెనో మెట్లో గుడి గోపురమో అయితే, బ్రాకెటింగ్ చేయొచ్చు. ట్రైపాడ్ మీద అపర్చర్ మార్చకుండా, షట్టర్ స్పీడు మాత్రమే మారేలా మూడు తీయండి: రెండు స్టాపులు తక్కువ, మామూలుగా ఒకటి, రెండు స్టాపులు ఎక్కువ. లైట్‌రూమ్ లాంటి సాఫ్ట్‌వేరులో వాటిని హెచ్‌డీఆర్‌గా, అంటే చీకటి, వెలుగు రెండింటి వివరమూ ఉన్న ఒకే ఫొటోగా కలుపుకోవచ్చు. పడవలు, మనుషులు కదులుతుంటే కలిపిన చోట దయ్యాల్లా జంటబొమ్మలు వస్తాయి కనుక వాళ్ళున్నప్పుడు వద్దు.

హెచ్‌డీఆర్‌లో ఎక్కువగా జరిగే పొరపాటు అన్నిటినీ వెలిగించేయడం. మెట్ల కింది నీడ, పడవ అడుగు, గోపురం వెనక వైపు, అన్నీ పట్టపగల్లా కనిపిస్తాయి, గోపురం అంచు చుట్టూ తెల్లటి వలయం తేలుతుంది. సాయంత్రం అన్న మాటే పోతుంది ఫొటోలోంచి. ఇంకో ఆనవాలు: నీటిలోని ప్రతిబింబం ఎప్పుడూ ఆకాశంకన్నా కొంచెం ముదురుగా ఉంటుంది. మీ ఫొటోలో నీరు ఆకాశంకన్నా వెలుగ్గా ఉంటే ఎక్కడో అతి చేశారన్నమాట. పైసగం ముదురుగా, కిందిసగం తేటగా ఉండే గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ వాడేవాళ్ళు కూడా ఇదే చూసుకోవాలి. రెండు స్టాపులది సరిపోతుంది.

తోలుబొమ్మల పాఠం

ఎదురెండలో అన్నీ నల్లబడవు. తోలుబొమ్మలాట తెరను గుర్తు చేసుకోండి. దీపం బొమ్మ వెనకే ఉంటుంది, అయినా హనుమంతుడి ఒంటి రంగు, సీతమ్మ చీర ఎరుపు తెర మీద వెలుగుతూనే ఉంటాయి. తోలును పారదర్శకంగా గీకి, రంగులు వేసి, చిల్లులు పొడిచారు కనుక వెలుగు దాని గుండా వస్తుంది. వెలుగుకు దారి ఇవ్వనిది నల్లబడుతుంది, దారి ఇచ్చేది రంగు చిమ్ముతుంది.

ఘాట్‌లో ఇలా దారి ఇచ్చేవి బోలెడు. ఆరేసిన నేత చీర, అరటాకు, పిల్లలు కొట్టిన నీళ్ళు, అగరొత్తుల పొగ, మొక్కజొన్న పొత్తులు కాల్చే బండి మీది పొగ, వేసవిలో లంకల మీద లేచే ఇసుక. సూర్యుడు, ఆ వస్తువు, మీరు దాదాపు ఒకే గీతలో ఉండాలి, కానీ బింబం ఫ్రేములో పడకూడదు. స్తంభం వెనకో, మనిషి తల వెనకో దాచండి. వెనక నల్లటి నేపథ్యం ఉంటే పొగ, నీటిచుక్కలు ఇంకా బాగా ఎగసి కనిపిస్తాయి. ఇక్కడ కొలత పెట్టాల్సింది ఆ వెలిగే వస్తువు మీదే, దాని చుట్టూ ఉన్నదాని మీద కాదు.

ఫోన్‌తో తీసేవాళ్ళకు

లెన్సు తుడవండి. సగం సమస్య అక్కడే పోతుంది. తర్వాత తెర మీద సూర్యుడి పక్కనున్న ఆకాశం మీద వేలు పెట్టి కాసేపు నొక్కి ఉంచండి, ఫోకసూ వెలుగూ అక్కడికి తాళం పడతాయి. పక్కనే వచ్చే చిన్న సూర్యుడి గుర్తును కిందికి లాగితే ఆకాశం రంగు తేలుతుంది. మనిషి కావాలంటే ముఖం మీద నొక్కండి. ఇప్పటి ఫోన్లు చాలావరకు వాటంతటవే కొన్ని షాట్లు తీసి కలిపేస్తాయి. అందుకే జుట్టు చుట్టూ ఒక్కోసారి అతుకు గీత కనిపిస్తుంది. ప్రో మోడ్‌లో రా ఉంటే ఆ కలిపే పనిని మీ చేతిలో పెట్టుకోవచ్చు. రెండు వేళ్ళతో సాగదీసి జూమ్ చేస్తే మిగిలేది మసక, ఫోన్‌లో విడిగా టెలీ లెన్సు ఉంటే అంతవరకే వెళ్ళండి.

పొద్దు గూకాక

రాజమండ్రి లాంటి చోట బింబం మునిగాక ఇరవై నిమిషాల పైచిలుకు వెలుగు మిగులుతుంది. మొదట ఎరుపు ముదురుతుంది, తర్వాత నీలం దిగుతుంది. ఐఎస్ఓ 100, ఎఫ్ 8 అలాగే ఉంచితే షట్టర్ అర సెకను, ఒక సెకను, రెండు సెకన్లకు పోతుంది. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు లెన్సు స్టెబిలైజేషన్ ఆపేసి, రెండు సెకన్ల టైమర్ పెట్టండి. ఆ వేళ పుష్కర ఘాట్‌లో హారతి మొదలైతే మనుషుల ముఖాల మీద దీపం వెలుగు, వెనక ఇంకా ఆరని ఆకాశం, రెండూ దాదాపు సమానంగా తూగుతాయి. పగలంతా పోట్లాడుకున్న ఆ రెండు వెలుగులూ రాజీపడే సమయం అదొక్కటే. పది నిమిషాలే ఉంటుంది. అక్కడ మనుషుల కోసం ఐఎస్ఓను 1600 దాకా పెంచడానికి వెనకాడకండి, కాస్త గరుకు ఉన్నా కదిలిపోయిన ముఖం కన్నా నయం.

ఇంటికొచ్చి

రా ఫైల్ తెరిచి ముందు హైలైట్లు తగ్గించండి, తర్వాత షాడోలు కొంచెం పెంచండి, ఆ తర్వాత నలుపు స్లైడర్‌ను ఒక పిసరు కిందికి దించండి. నల్లగా ఉండాల్సింది ఎక్కడో ఒకచోట పూర్తిగా నల్లగా ఉంటేనే రంగులకు బలం వస్తుంది. శాచురేషన్ జోలికి చివర్లో వెళ్ళండి, వెళ్ళినా కొద్దిగానే. ముఖం ఒక్కదాన్నే వెలిగించాల్సి వస్తే బ్రష్‌తో ముఖం మీద మాత్రం ఒక స్టాపు పెంచి, అంచులు మెత్తగా ఉంచండి.

ప్రింట్ వేయిస్తే తెర మీద కనబడినదాని కన్నా ముదురుగా వస్తుంది, తెరకు సొంత వెలుగుంది, కాగితానికి లేదు. అందుకని ముఖాలున్న ఫొటోలను ప్రింట్‌కు పంపేముందు కొద్దిగా తేట చేయండి. సిలౌట్ ఫొటో అయితే ల్యాబ్‌లో ఆటో కరెక్షన్ వద్దని ముందే చెప్పండి. లేదంటే ఆ మెషీన్ కూడా మీ కెమెరా మీటరు లాగే ఆలోచించి, మీరు కావాలని నల్లగా ఉంచిన జాలరిని బూడిదరంగుగా మార్చి ఇస్తుంది. ముందు చిన్న సైజులో ఒకటి వేయించి, సాయంత్రం ఇంట్లో లైటు కింద పెట్టి చూసుకుని, ఆ తర్వాత పెద్దది వేయించండి.